నవంబరు వద్దన్నాను

2012 సెప్టెంబరు 9, ఆదివారం

చర్చిలో ఇవాళ ఎండుచేప గొడవ.

అరోరాలో మాకు సొంత బిల్డింగ్ లేదు. తెల్లవాళ్ళ చర్చిలో పొద్దున వాళ్ళ ఆరాధన అయ్యాక ఒంటిగంటకు మా తెలుగు సంఘం, నాలుగింటికి ఇండోనేషియా వాళ్ళ సంఘం. వంటగది మాత్రం అందరిదీ. మా ప్రేమవిందు ముగిసేసరికి వాళ్ళు గిన్నెలు పట్టుకుని వస్తారు. ఇవాళ వాళ్ళలో ఒకావిడ స్టవ్ మీద ఎండుచేప కాల్చింది. హాలంతా కమ్మేసింది. మావాళ్ళు ముక్కులు మూసుకున్నారు. డాక్టర్ కిరణ్‌కుమార్ గారు స్వయంగా కిటికీలు తెరిచి, కిచెన్‌కి రూల్స్ పెట్టాలి అన్నారు.

నాకైతే నోట్లో నీళ్ళూరాయి. నాగాయలంక అవతల సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని. మా నాన్న వేటకెళ్ళేవాడు, అమ్మ ఎండుచేపలు తట్టలో పెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగేది. ఈ సంగతి చర్చిలో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. పెద్ద మర్యాదస్తులు. నేను నేరుగా స్టవ్ దగ్గరికి వెళ్ళి ఒక ముక్క అడిగాను. ఆవిడ ముందు భయపడింది, తిట్టడానికి వచ్చాననుకుంది పాపం. తర్వాత నవ్వి రెండు ముక్కలు పెట్టింది. పక్కన పచ్చిమిరపకాయ, నిమ్మరసం, చిన్న ఉల్లిపాయల పచ్చడి. ఆవిడ పేరు యోసినా. వేర్‌హౌస్‌లో ప్యాకింగ్ పని.

కార్‌లో ఏసుపాదం అద్దాలు దించాడు. చేతులు సరిగ్గా కడుక్కున్నావా అన్నాడు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. తెనాలి మాస్టారి కొడుకు. ఇంకా నా చేతులు వాసన చూస్తూనే ఉన్నాడు.

2012 సెప్టెంబరు 23

యోసినాతో పార్కింగ్ లాట్‌లో గంటసేపు. ఆవిడ ఇంగ్లిష్ నాలుగు ముక్కలు, మిగతాది చేతులు. అయినా మొత్తం అర్థమైంది.

వాళ్ళ ఊరు వాయ్‌మేరా. ఇండోనేషియాలో తూర్పున ఎక్కడో చిన్న దీవి. ఫోన్‌లో మ్యాప్ తీసి ఎంత పెద్దది చేసినా నీలంలో నలుసే. డెబ్భై ఇళ్ళు. కొబ్బరి, లవంగం, చేపలు. సగ్గు చెట్టు మానులోంచి తీసిన పిండే అన్నం. డీజిల్ దొరికిన రోజు సాయంత్రం మూడు గంటలు కరెంటు. ఫోన్ చేయాలంటే ఊరి వెనక కొండెక్కాలి, అక్కడ ఒక రాయి మీద నిలబడితే సిగ్నల్ ఒక గీత వస్తుందట. మూడు వారాలకోసారి గవర్నమెంట్ ఓడ వస్తుంది. అది రాకపోతే చిన్న మోటారు పడవ, టౌన్‌కి ఏడు గంటలు. మగపిల్లలు పదిహేడేళ్ళు రాగానే పపువాలో పనులకి పోతారు. ఆడపిల్లలు పెళ్ళి చేసుకుంటారు. హెల్త్ పోస్ట్ ఉంది, దానికి తాళం ఉంది. గవర్నమెంట్ వేసిన మంత్రసాని మూడు నెలలుండి వెళ్ళిపోయింది.

యోసినా తమ్ముడు మార్తెన్ అక్కడి స్కూల్ టీచర్. వాళ్ళూ టీచర్‌ని గురు అనే అంటారట, భలే అనిపించింది. అతని కూతురు ఎల్సినా, పద్దెనిమిదేళ్ళు. టౌన్‌లో హైస్కూల్ చదివి తిరిగొచ్చేసింది. మంత్రసాని కోర్సు చదవాలని ఆ పిల్ల పట్టుదల. మూడేళ్ళ కోర్సు. చదివితే సొంత ఊళ్ళోనే ఉంటుంది, పారిపోదు. ఆ ఊరికి అలాంటి మనిషి ఇంకెవరూ దొరకరు అంది యోసినా. చదివించే స్తోమత గురుకి లేదు.

నేను నర్సుని. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ఆ పిల్ల ఎందుకు చదవాలో నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

2012 అక్టోబరు 5, శుక్రవారం

చేశాను. ఉపవాస ప్రార్థన తర్వాత మిషన్ కమిటీలో లేచి నిలబడి అడిగాను. రెండేళ్ళుగా మెంబర్‌ని, ఇప్పటిదాకా చేసిందల్లా టీ పెట్టడమే. కిరణ్‌కుమార్ గారు చైర్మన్. నా మొగుడు కన్వీనర్, ఇంట్లో కూడా ముందు చెప్పలేదని కళ్ళెర్ర చేశాడు. ఇండోనేషియా ఎందుకు, మన శ్రీకాకుళంలో లేరా అన్నారొకరు. అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు అన్నాను.

చివరికి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. అమ్మాయిని చూడాలట. స్కైప్‌లో ఇంటర్వ్యూ. పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు నలుగురూ కూర్చుని చూస్తేగానీ మనవాళ్ళకి నమ్మకం కుదరదు. ఊళ్ళో ఇంటర్‌నెట్ లేదు కాబట్టి అమ్మాయి టౌన్‌కి రావాలి. తేదీ నవంబరు 9, శుక్రవారం, మనకు సాయంత్రం ఆరు, వాళ్ళకి శనివారం పొద్దున తొమ్మిది. కుదరకపోతే రెండో డేట్ జనవరి 11. బడ్జెట్ మీటింగ్ జనవరి ఆఖర్లో, అది దాటితే లేదు.

మినిట్స్ రాసేది శాంతి. పాస్టర్ గారి మరదలు. అక్కా మీరు భలే మాట్లాడారు అంది.

2012 అక్టోబరు 14

మార్తెన్ ఈమెయిల్. టౌన్‌కి వెళ్ళినప్పుడు ఇంటర్‌నెట్ షాప్‌లో కూర్చుని పంపాడు. ఇంగ్లిష్ పొట్టి పొట్టిగా, శుభ్రంగా ఉంది. నన్ను ఇబు అని రాశాడు. అంటే అమ్మగారు. కమిటీ పెద్దలకు వందనాలు చెప్పమన్నాడు. నవంబరు 9కి తప్పకుండా వస్తామన్నాడు. స్కూల్లో నలభై ఒక్కమంది పిల్లలు, రెండో టీచర్ పేరుకే ఉన్నాడట. ఎల్సినా తల్లి కాన్పులో పోయింది. ఫిబ్రవరిలో. నాలుగు రోజులు పడవ కదల్లేకపోయింది అని ఒక్క ముక్క రాశాడు.

డీజిల్ లేక అయ్యుంటుంది. చదివి ఏడ్చాను.

2012 అక్టోబరు 19

క్యాలెండర్‌లో నవంబరు 9 చుట్టూ గీసిన సున్నాని ఇవాళ చెరిపేశాను, ఎందుకో తెలీదు.

2012 అక్టోబరు 22, సోమవారం

ఎందుకో తెలిసింది. రాసేస్తే పోతుంది.

డెబ్భై ఏడు నవంబరు. నాకు పదకొండేళ్ళు, తమ్ముడు దానియేలుకి ఆరు. రెండు రోజుల ముందునుంచే ఆకాశం రంగు మారింది. నాన్న వేటకెళ్ళలేదు, నావ ఒడ్డుకి లాగి తాళ్ళు కట్టాడు. శనివారం రాత్రి ఉప్పెన వచ్చింది. నీళ్ళు తాటిచెట్ల మొవ్వు దాకా లేచాయి. నాన్న నన్నొక చెట్టుకి చీరతో కట్టేశాడు. తమ్ముణ్ణి అమ్మ చంకనేసుకుంది. తెల్లారేసరికి అమ్మ ఉంది, చంకలో వాడు లేడు. అమ్మ ఆ చెయ్యి మళ్ళీ చాలాకాలం కిందకి దించలేదు. అలాగే వంచి పెట్టుకుని తిరిగేది.

ఆ తర్వాత మా పల్లెలో నవంబరులో ఎవరూ పెళ్ళి పెట్టుకోలేదు, ఎవరూ ప్రయాణం పెట్టుకోలేదు. సంక్రాంతి ముగ్గులనాటికి నాన్న మొహం తేటపడేది. జనవరిలో సముద్రం పాపాయిలా పడుకుంటుందమ్మా అనేవాడు. తెల్లవారుజామున భూమ్మీంచి పడమటి గాలి లేచి నావని మెల్లగా లోపలికి తోసేది. తెడ్డు కూడా వెయ్యక్కర్లేదు.

ఆడపిల్లని నవంబరులో ఏడు గంటలు చిన్న పడవలో పంపమన్నది నేనే. నాకంటే బుద్ధిలేనిది ఉంటుందా. ఈ కమిటీలో సముద్రం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

2012 అక్టోబరు 26, శుక్రవారం

తేదీ మార్పించాను!

మళ్ళీ లేచి నిలబడ్డాను. నవంబరు తుపాన్ల నెల, చిన్న పడవల్లో మనుషుల్ని రమ్మనడం పాపం, జనవరి 11కి మార్చండి, అప్పుడు సముద్రం పాపాయిలా ఉంటుంది అన్నాను. మా నాన్న వేటకెళ్ళేవాడని, తమ్ముడు ఉప్పెనలో పోయాడని ఆ హాల్లో మొదటిసారి నోరు తెరిచి చెప్పాను. ఎవరూ ముక్కులు మూసుకోలేదు. కిరణ్‌కుమార్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇది మనకెవరికీ తట్టలేదు సిస్టర్, మీరుండబట్టి సరిపోయింది అన్నారు. శాంతి మినిట్స్‌లో రాసుకుంది. తీరప్రాంతం నుంచి వచ్చిన సిస్టర్ జోసఫిన్ సలహా మేరకు అని. నాకు చదివి వినిపించింది.

కార్‌లో ఏసుపాదం నా చెయ్యి పట్టుకున్నాడు. వాసన చూడలేదు.

2012 అక్టోబరు 28, ఆదివారం

యోసినాకి చెప్పాను. మెసేజ్ పెట్టమన్నాను. ఆవిడ ఫోన్ తీసి, టైప్ చేయబోయి ఆగింది. జనవరి అంటే వెస్ట్ కదా అంది. పడమటి గాలా అన్నాను. అవునంది. నాకు నవ్వొచ్చింది, ప్రపంచంలో ఎక్కడైనా సముద్రం ఒక్కటే అనిపించింది. మంచిది, చాలా మంచిది, మా నాన్న గాలి అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది, తర్వాత తనూ కొంచెం నవ్వింది. మెసేజ్ పెట్టేసింది.

2012 నవంబరు 9

డేట్ మార్చకపోతే ఇవాళ ఆ పిల్ల నడిసముద్రంలో ఉండేది. స్తోత్రం.

2012 డిసెంబరు 16

మాల్‌లో చేతి గడియారం కొన్నాను ఎల్సినా కోసం. సెకన్ల ముల్లు ఉన్నది, పెద్ద అంకెలది. నాడి చూడాలంటే ఫోన్‌లో కుదరదు. ఇంటర్వ్యూ అవగానే పార్సిల్ చేయాలి. బ్యాటరీ పని చేస్తోందో లేదో చూద్దామని వాయ్‌మేరా టైమ్ పెట్టాను. మనకంటే పదిహేను గంటలు ముందు. ఇక్కడ శనివారం రాత్రి పడుకోబోతుంటే అక్కడ ఆదివారం మధ్యాహ్నం భోజనాలు అయిపోతుంటాయి.

మార్తెన్ దగ్గర్నుంచి క్రిస్మస్ మెయిల్ లేదు. ఓడ రావట్లేదేమో.

2013 జనవరి 4, శుక్రవారం

డ్యూటీలో ఉండగా యోసినా ఫోన్. తమ్ముడు కొండెక్కి మెసేజ్ పెట్టాడట. ఈసారి ఓడ రాదు, క్యాన్సిల్ చేశారు. అయినా మేం ఏదో ఒకటి చూసుకుంటాం, ఇబుని కంగారు పడొద్దనండి అని.

ఓడ ఎందుకు క్యాన్సిల్ చేశారని నేను అడగలేదు. గవర్నమెంట్ ఓడలు ఎందుకు క్యాన్సిల్ అవుతాయి, మా లాంచీలు ఎందుకు అయ్యేవి? డీజిల్, సెలవులు, సోమరితనం. పేషెంట్ పిలుస్తోంది. తప్పకుండా రమ్మను, కమిటీ చాలా స్ట్రిక్ట్, ఇది దాటితే ఇంకో డేట్ లేదు, పెందరాళే బయల్దేరమను అన్నాను. పదకొండుకేనా అని యోసినా మళ్ళీ అడిగింది. తర్వాత సరే అంది.

2013 జనవరి 11, శుక్రవారం, రాత్రి 9

రాలేదు.

ఫెలోషిప్ హాల్లో బల్ల మీద ల్యాప్‌టాప్, చుట్టూ ఏడుగురం. ఆడవాళ్ళందరం పట్టుచీరలు. నేనే చెప్పాను, ఆ పిల్లకి మనమంటే గౌరవం కలగాలని. ఆరింటికి ఏసుపాదం కాల్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఆరుంపావుకి మళ్ళీ. ఆరున్నరకి మళ్ళీ. యోసినాని వెనక కుర్చీలో కూర్చోబెట్టాం. ఆవిడ స్క్రీన్ చూడలేదు, ఒళ్ళో ఉన్న చేతుల్నే చూసుకుంది.

ఏడింటికి కిరణ్‌కుమార్ గారు వాచీ చూసుకున్నారు. సీరియస్‌నెస్ లేదు, మనం ఇంత టైమ్ కేటాయించాం అన్నారు. ఇంకొకాయన, వీళ్ళ పంక్చువాలిటీ ఇంతే అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నా పరువు తీశారని ఆ పిల్ల మీద కోపం వచ్చింది. అవును, కోపమే వచ్చింది. రాసి పెట్టుకుంటున్నాను.

శాంతి మినిట్స్‌లో అభ్యర్థి హాజరు కాలేదు అని రాసింది.

2013 జనవరి 12

కబురు లేదు.

2013 జనవరి 14

యోసినా ఫోన్ ఎత్తడం లేదు. వేర్‌హౌస్‌కి ఫోన్ చేస్తే లీవ్‌లో ఉందన్నారు.

2013 జనవరి 17, గురువారం

పొద్దున ఏడున్నరకి డోర్‌బెల్. యోసినా. కోటు లేదు, బయట మంచు. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

పదో తారీకు తెల్లవారుజామున ఐదుగురు బయల్దేరారు. మార్తెన్, ఎల్సినా, పడవ నడిపేవాడు, ఒక ముసలాయన, ఆయన కోడలు. ఒడ్డున ఉన్నవాళ్ళు వద్దన్నారట. ఇబు పిలిచింది, పెద్దలు కూర్చుని ఉంటారు అన్నాడట మార్తెన్. రెండు గంటలు పోయాక పడమటి అలలు పడవని తిప్పేశాయి. ఎల్సినా ఖాళీ డీజిల్ క్యాన్ పట్టుకుని పగలు, రాత్రి తేలింది. పక్క దీవి జాలర్లు తీశారు. పడవ నడిపేవాడు బతికాడు. మిగతా ముగ్గురూ లేరు. ముసలాయన శవం దొరికింది. మార్తెన్ దొరకలేదు.

నేనేమన్నానో గుర్తులేదు. కాఫీ పెట్టనా అన్నాననుకుంటా. ఆవిడ తల అడ్డంగా ఊపి, బస్ టైమ్ అయింది అంది. డ్రైవ్ చేసి దింపుతానన్నా వినలేదు. మంచులో నడిచి వెళ్ళిపోయింది.

2013 జనవరి 17, మధ్యాహ్నం

గూగుల్‌లో కొట్టాను. ఆ సముద్రం పేరు, జనవరి, పడవ. మూడు మాటలు.

డిసెంబరు నుంచి మార్చి దాకా పడమటి రుతువు. ఏడాదిలో సముద్రం అన్నిటికంటే క్రూరంగా ఉండే కాలం. ఆ దీవులకి పడమటి గాలి భూమ్మీంచి రాదు, వందల మైళ్ళు నీళ్ళమీద పరిగెత్తుకుంటూ వస్తుంది. ఓడలు ఆపేస్తారు. మనుషులు ప్రయాణాలు మానుకుంటారు. అక్టోబరు, నవంబరు రెండు రుతువుల మధ్య సందు. గాలి ఉండదు. సముద్రం అద్దంలా ఉంటుంది.

పది సెకన్లు పట్టింది చదవడానికి.

2013 జనవరి 18

మార్తెన్ పాత మెయిల్ తీశాను. ఎల్సినా తల్లి కాన్పులో పోయింది, ఫిబ్రవరిలో, నాలుగు రోజులు పడవ కదల్లేకపోయింది. డీజిల్ కాదు. గాలి. అతను నాకు అక్టోబరులోనే చెప్పాడు. అప్పుడు ఏడ్చి పక్కన పెట్టేశాను.

2013 జనవరి 20, ఆదివారం

ఆరాధనలో ఒక నిమిషం మౌనం. పాస్టర్ గారు చక్కగా ప్రార్థన చేశారు. దేవుని చిత్తం అన్నారు. ఆ మాట ఇప్పటికి ఎన్ని సమాధుల దగ్గర విన్నానో లెక్కలేదు, ఎప్పుడూ ఆమేన్ అన్నాను. ఇవాళ అనలేదు. దేవుడు తేదీ మార్చలేదు. నేను మార్చాను.

అందరూ నా దగ్గరికొచ్చి భుజం తట్టారు. మీరెంత మంచి మనసుతో చేశారో మాకు తెలుసు సిస్టర్ అన్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఇదేంటి జోసఫిన్ జనవరి సేఫ్ అన్నావు కదా అనలేదు.

2013 జనవరి 25, శుక్రవారం

బడ్జెట్ మీటింగ్. ఇండోనేషియా ప్రాజెక్ట్ క్లోజ్. శ్రీకాకుళంలో బోరు వేయిస్తారట.

పోయిన అక్టోబరు మినిట్స్ చదవమన్నాను. శాంతి తడబడింది. అవన్నీ అప్పుడే అప్రూవ్ అయిపోయాయి కదక్కా అంది. చదవమన్నాను. కిరణ్‌కుమార్ గారు ఎంతో మృదువుగా, ఎవరినీ తప్పుపట్టే అవసరం లేదు సిస్టర్, మనమంతా కలిసి తీసుకున్న నిర్ణయం అన్నారు. కలిసి కాదు. నేను చెప్పాను, మీరు విన్నారు. నా మాట మీరు విన్నది అదొక్కసారే. ఇది పైకే అన్నాను. అజెండాలో తర్వాతి ఐటమ్ ఈస్టర్ పిక్నిక్.

ఇంటికొచ్చాక ఏసుపాదం అరిచాడు. నిన్నెవరైనా ఒక్క మాటన్నారా, నీకు నువ్వే ఎందుకు మీదేసుకుంటావు, జరిగింది జరిగిపోయింది అన్నాడు. అందుకే కదా, ఎవరూ అనడం లేదనే కదా అన్నాను. అర్థంకాలేదతనికి. మంచివాడే. అర్థంకాలేదంతే.

2013 ఫిబ్రవరి 10, ఆదివారం

యోసినా నెల తర్వాత చర్చికి వచ్చింది. కిచెన్‌లో ఒక్కతే గిన్నెలు కడుగుతోంది. తలుపు వేశాను.

చెప్పేశాను. నవంబరు తేదీ మార్పించింది నేను. కమిటీ కాదు. మా ఊళ్ళో నవంబరు చంపుతుంది, అందుకని మీ ఊళ్ళోనూ చంపుతుందనుకున్నాను. మిమ్మల్ని అడగలేదు. నువ్వు వెస్ట్ అని చెప్పినా, అది మా పడమటి గాలే అనుకున్నాను. చెంపదెబ్బ కొడుతుందని ఎదురుచూశాను. కొడితే బాగుండేది.

ఆవిడ గిన్నె కడగడం ఆపలేదు. నీకు తెలుసనుకున్నాను అంది. నువ్వు మంచిది అన్నావు, నవ్వావు. మీలో డాక్టర్లున్నారు, కంప్యూటర్ వాళ్ళున్నారు, ఎవరో చూసి ఉంటారు, పెద్ద పడవేదో మాట్లాడి ఉంటారు అనుకున్నాను. నేను పెట్టెలు ప్యాక్ చేసేదాన్ని. మావైపు సాయం ఇచ్చేవాళ్ళకి కాదని ఒకసారి చెప్తారు, రెండోసారి చెప్పరు. నేను ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పాల్సింది. ఇదీ ఆవిడ అన్నది. గొంతు పెంచలేదు.

తర్వాత ఫ్రిజ్‌లోంచి డబ్బా తీసి ఎండుచేప ముక్క నా చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ పెట్టిందో, ఎందుకు పెట్టిందో. నోట్లో పెట్టుకోలేకపోయాను. టిష్యూలో చుట్టి కోటు జేబులో వేసుకుని వచ్చాను. ఇంకా అక్కడే ఉంది.

2013 మార్చి 3

ఎల్సినా కొండెక్కి మెసేజ్ పెట్టిందట. యోసినా ఇంగ్లిష్‌లోకి మార్చి నాకు ఫార్వర్డ్ చేసింది. ఇక్కడ తెలుగులో దించుకుంటున్నాను, మర్చిపోకూడదని.

ఇబు జోసఫిన్ గారికి వందనాలు. మేము చెప్పిన తేదీకి రాలేకపోయాం, క్షమించండి. కమిటీ పెద్దలు చాలాసేపు ఎదురుచూశారని అత్త చెప్పింది. వారికి కోపం వచ్చిందేమో. దయచేసి మా తరఫున క్షమాపణ చెప్పండి. నాన్న ఇంటర్వ్యూ కోసం కొత్త చొక్కా వేసుకున్నారు.

2013 మార్చి 4

డ్యూటీకి వెళ్ళలేదు.

2013 మార్చి 8, శుక్రవారం

ఆ మెసేజ్ కమిటీలో చదివాను. నా గొంతుతోనే, మొత్తం. ఈసారి ఎవరూ దేవుని చిత్తం అనలేదు. కిరణ్‌కుమార్ గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. ఆ రోజు సీరియస్‌నెస్ లేదన్నది ఆయనే. శాంతి ఏడుస్తూ, అభ్యర్థి హాజరు కాలేదు అన్న లైన్ కొట్టేయనా అని అడిగింది. వద్దన్నాను. దాని కింద కారణం రాయమన్నాను. రాసింది.

2013 మే 19

కమిటీ లేకపోయినా ఎల్సినాని నేను చదివిస్తానని యోసినాతో చెప్పి పంపాను. ఏసుపాదం ఒప్పుకున్నాడు, ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. జూలైలో కోర్సు మొదలు. ఇప్పుడు బయల్దేరొచ్చా, ఏ వారం మంచిది, ఏ పడవ, అన్నీ ఆ పిల్లే చెప్పాలి, నేను తేదీ పెట్టను అన్నాను.

2013 జూన్ 2, ఆదివారం

జవాబొచ్చింది. రాదట.

నాన్న పోయాక స్కూల్‌కి ఎవరినీ వెయ్యలేదు. వేస్తారని ఆశ కూడా లేదు. నలభై ఒక్కమంది పిల్లలు పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చుంటున్నారు. ఎల్సినా వెళ్ళి తాళం తీసింది. అప్పట్నుంచి తనే చెప్తోంది. జీతం లేదు, ఊళ్ళోవాళ్ళు చేప, సగ్గు పిండి ఇస్తున్నారు. తను వెళ్ళిపోతే ఆ తాళం మళ్ళీ పడుతుంది అందట. ఇంకో సంగతి కూడా యోసినా చెప్పింది. పిల్ల నీళ్ళలో కాలు పెట్టడం లేదు. మోకాళ్ళ లోతు కూడా.

ఇప్పుడు ఆ ఊళ్ళో ఇద్దరు కడుపుతో ఉన్నారట. హెల్త్ పోస్ట్ తాళం అలాగే ఉంది.

గడియారం ఇంకా నా డ్రాయర్‌లోనే. అడిగాను, పంపనా అని. యోసినా పంపమంది. స్కూల్ గంట కొట్టడానికి పనికొస్తుందట.

2013 ఆగస్టు 25

పార్సిల్ చేరింది. తొమ్మిది వారాలు పట్టింది.

2013 నవంబరు 9, శనివారం

ఒక ఏడాది ఆలస్యంగా యోసినాని అడిగాను, ఇవాళ మీ ఊళ్ళో సముద్రం ఎలా ఉంది అని. కనుక్కుని చెప్పింది. గాలి లేదు. అల లేదు. పొద్దున చంటిపిల్లల తల్లులు కూడా తెడ్లు వేసుకుంటూ ఎదుటి దీవికి వెళ్ళి సాయంత్రానికి వచ్చేశారట.